ప్రసంగం రాసుకునే పిల్ల

నిడదవోలు,
జనవరి 22.

సువార్త అత్తకి,

వందనాలు. నీ మేనకోడలు తబిత రాస్తున్నది.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని నవ్వకు. మొన్న ఫోన్ చేస్తే మీ కోడలు కరుణక్క స్పీకర్ పెట్టింది. పూతరేకుల కుండల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ఆరుగురూ నా డ్రాయింగ్ క్లాసు మీద ఆరు సలహాలిచ్చారు. ఒకావిడైతే "బొమ్మలు గీస్తే కళ్లద్దాలొస్తాయమ్మా, పెళ్లికి ముందు వద్దు" అంది. పోనీ నువ్వే విడిగా మాట్లాడతావా అంటే, ముప్పయ్యేళ్లుగా వేడి కుండ మీద రేకులు తీసి నీ వేళ్లు నున్నగా అరిగిపోయాయి. ఎంత నొక్కినా ఫోన్ అద్దం నిన్ను మనిషి కింద లెక్కే వెయ్యదు. కాబట్టి మనకి పోస్టుమేనే దిక్కు.

క్లాసులో చేరాను. రాజమండ్రి దానవాయిపేటలో ఒక ఫొటో స్టూడియో మేడ మీద. వారానికి మూడు రోజులు పొద్దున్నే పాసింజర్ ఎక్కి వెళ్తున్నాను. నువ్వు నాన్నతో దెబ్బలాడి ఇప్పించిన గడువు ఈస్టర్ దాకా. నాన్న షరతు నీకు చెప్పారో లేదో. "ఆ లోపల ఈ విద్య ఎవరికైనా ఒక్కరికి పనికొస్తుందని రుజువు చూపించు. లేకపోతే బి.ఎడ్. ఎంట్రన్సు రాయి" అన్నారు. ఆ ఫారం ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద నా ఎమ్మెస్సీ బోటనీ మెడల్ పెట్టారు. మంచినీళ్ల సీసా తీసుకున్నప్పుడల్లా రెండూ నా వైపు చూస్తుంటాయి.

మా శ్యాంబాబు మాస్టారు నేర్పేదాన్ని జెశ్చర్ డ్రాయింగ్ అంటారు. ఎదురుగా ఒక మనిషి ఏదో ఒక భంగిమలో నిలబడతాడు. అరనిమిషం టైము. చప్పట్లు కొట్టగానే భంగిమ మారుతుంది, మనం పేజీ తిప్పాలి. ముక్కూ మొహం అక్కర్లేదు. బరువు ఏ కాలి మీద ఉంది, నడుం ఎటు వంగింది, చెయ్యి ఎక్కణ్ణుంచి లేచింది, ఇంతే. "మనిషి ఎలా ఉన్నాడో కాదమ్మా, ఏం చేస్తున్నాడో గియ్యి" అంటారు.

మొదటి రోజు అరనిమిషంలో నేను ఎడమ చెవి గీశాను. చాలా బాగా వచ్చింది కూడా. మాస్టారు నా వెనక నిలబడి చూసి, "ఇది మనిషా, మందారపువ్వు నిలువుకోతా? పార్టుల పేర్లు కూడా రాయకపోయావా!" అన్నారు. పళ్ల డాక్టరు దగ్గర్నుంచి ఇంటర్ పిల్ల దాకా అందరూ నవ్వారు. తర్వాత నా రబ్బరు లాక్కుని ఊరగాయ సీసాలో వేశారు. ఆ సీసాలో అప్పటికే పదకొండు రబ్బర్లున్నాయి. కోర్సు అయ్యాక ఇస్తారట.

నాలుగు కాగితాలు పంపుతున్నాను. నిజం చెప్పు.

నీ తబిత

ఆత్రేయపురం,
ఫిబ్రవరి 1.

చిరంజీవి తబితకి,

మీ అత్త దీవించి రాయునది. ప్రభువు కృప వల్ల ఇక్కడ అందరం క్షేమం.

నిజం చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. కవరు విప్పగానే కరుణ, "అత్తయ్యా, ఎండురొయ్యల బొమ్మలేంటి?" అంది. నేను నీ తరఫున గట్టిగా వాదించాను. రొయ్యలకి అన్ని కాళ్లుండవు అన్నాను. తర్వాత లెక్కపెడితే రొయ్యలకే ఎక్కువ.

అయితే రెండో కాగితంలో ఒకావిడ బాగా కుదిరింది. ఏడో నెల కదూ? నడుం వెనక్కి వాల్చి, ఒక చెయ్యి వీపున పెట్టుకుని, పాపం ఎంత బరువు మోస్తోందో. నిండు గర్భిణిని క్లాసులో నిలబెట్టి బొమ్మలు గీయడం ఏం బాగుంటుంది? మీ మాస్టారికి నా మాటగా చెప్పు, కుర్చీ వెయ్యమని.

రబ్బరు లాక్కుంటే ఏడవకు. నా పనిలో మాత్రం రబ్బరుందా? పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్కసారి లాగామా, రేకు వచ్చిందా, చిరిగిందా, అంతే. సరిచేద్దామని రెండోసారి గుడ్డ వేస్తే అది రేకు కాదు, అట్టు. కొత్తలో నేను మూడు నెలలు అట్లే వేశాను. మా అత్తగారు వాటిని పారెయ్యకుండా నా చేతే తినిపించింది.

ఈ మధ్య రేకులు తియ్యడం కరుణకి అప్పజెప్పాను. నెయ్యి రాసి, చక్కెర చల్లి, మడత పెట్టడం నేను చూసుకుంటున్నా. పొయ్యి సెగ తగలని పని, ఒంటికి హాయి.

మీ నాన్నకి రుజువు కావాలన్నాడా? ఆ లెక్కల మాస్టారికి అన్నిటికీ రుజువులే. చూపిద్దాం. ముందు కాళ్లు తగ్గించు.

మీ అత్త
సువార్తమ్మ

నిడదవోలు,
ఫిబ్రవరి 17.

అత్తా,

ఆ నిండు గర్భిణి మా శ్యాంబాబు మాస్టారు. నీ మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నన్ను కూడా ఆ ఊరగాయ సీసాలో వేసేవారు.

ఇప్పుడు ఒక రహస్యం. కరుణక్కకి కూడా చెప్పకు. మాస్టారు ఇంటిపని ఇచ్చారు: ఒకే మనిషిని, ఆ మనిషి తన పనిలో ఉండగా, ఈస్టర్ లోపల రెండొందల సార్లు గియ్యాలి. ఎవరు దొరుకుతారు? అమ్మని గీద్దామంటే కొంగు సర్దుకుని ఫొటోకి నిలబడినట్టు నిలబడుతుంది. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ఆయన్ని గీస్తుంటే, రైల్వే వాళ్ల తరఫున రాసుకుంటున్నాననుకుని సరుకు సర్దుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు దొరికారు. ఆదివారం ఆరాధనలో. మా ఎజ్రా పాస్టరుగారు!

నవ్వకు, నువ్వు ఆయన ప్రసంగం చూశావు కదా. వల లాగమంటే నిజంగా లాగుతారు. తప్పిపోయిన గొర్రెని భుజాల మీద వేసుకుని మెట్లు దిగుతారు. పడవలో తుఫాను చెప్పిన రోజు ముందు బెంచీలో వాళ్లు పక్కకి ఒరిగారు. అన్నిటికన్నా గొప్ప సంగతి, ఒక్కో భంగిమలో సరిగ్గా అరనిమిషం ఆగుతారు, మాట జనంలోకి దిగేదాకా. నలభై నిమిషాల్లో ముప్పయ్యెనిమిది బొమ్మలు. బైబిలు ఒళ్లో పెట్టుకుని, దాని మీద నోటు పుస్తకం పెట్టుకుని గీశాను. అలా మూడు ఆదివారాలు గడిచాయి.

నిన్న నాలుగోది. ప్రసంగం మధ్యలో ఆపేశారు. "మన యవ్వనస్తులు ఫోన్లు చూసుకుంటున్నారు. అదిగో, మూడో బెంచీలో మన సుకుమార్ మాస్టారి అమ్మాయిని చూడండి! తలెత్తి నన్ను చూస్తుంది, దించి రాసుకుంటుంది. మళ్లీ ఎత్తుతుంది, మళ్లీ రాస్తుంది. ఒక్క మాట కింద పడనివ్వట్లేదు!" అన్నారు.

మూడొందల తలకాయలు నా వైపు తిరిగాయి. తన పేరు వినబడేసరికి అటు వైపు బెంచీలో నాన్న ఉలిక్కిపడి లేచి, గట్టిగా "ఆమేన్" అన్నారు.

పాస్టరుగారు నా వైపు వేలు చూపిస్తూ నిలబడ్డ ఆ భంగిమ ఎంత బాగుందో. బరువంతా ముందు కాలి మీద, వీపు విల్లులాగా. అది కూడా గీసేశాను. దేవుడు నన్ను క్షమించాలి.

ఇంటికొచ్చాక నాన్న తన కంచంలో లెగ్ పీసు తీసి నా కంచంలో వేశారు. నా ఇరవై నాలుగేళ్ల జీవితంలో ఇదే మొదటిసారి. అది మింగుడు పడలేదత్తా. కానీ మొత్తం తిన్నాను.

నాలుగు ఆదివారాల బొమ్మలూ జిరాక్స్ తీసి పంపుతున్నాను. చూసి పొయ్యిలో పెట్టెయ్.

తబిత

ఆత్రేయపురం,
ఫిబ్రవరి 26.

ఒసేయ్ తబితా,

పొయ్యిలో పెట్టలేదు. పరుపు కింద పెట్టాను. దేవుని మందిరంలో కూర్చుని సేవకుడి కాళ్లూ చేతులూ గీస్తావా? సంఘపెద్ద కూతురివి! మీ తాత బతికుంటే నీ వీపు మీద గీసేవాడు. ఇది తిట్టడానికి రాశాను, అయిపోయింది. ఇక చెప్తా విను.

కాళ్లు తగ్గాయి. మనుషులు వచ్చారు. ఆ గొర్రె బొమ్మలో గొర్రె లేకపోయినా దాని బరువు కనిపించింది నాకు.

మూడో కాగితం కింద మూల తల వేలాడేసిన ఆ ఐదు బొమ్మలు ఎవరివో నువ్వు రాయలేదు. రాయక్కర్లేదు. చిన్నప్పుడు లాంతరు ముందు చదువుకుంటూ నా తమ్ముడు అచ్చం అలాగే ఐదు మెట్లలో నిద్రలోకి దిగేవాడు. ఆరో మెట్టులో లాంతరు పగిలేది. ఆ మూల ముక్క మాత్రం ఎవరి కంటా పడనీకు.

ఇంకోటి. చివరి రెండు ఆదివారాల బొమ్మల్లో పాస్టరుగారి ఎడమ చెయ్యి తప్పుగా గీశావా, ఆయన అలాగే ఎత్తారా? ఎందుకంటే, చెయ్యి ఎత్తడానికి ఆయన మెడ కూడా ఎత్తుతున్నారు. భుజమంతా చెవి దగ్గరికి వచ్చేసింది. చెయ్యి బాగున్నవాడు అలా ఎత్తడు. అలా ఎత్తేవాళ్లని చూశాలే నేను.

కరుణ పిలుస్తోంది. చక్కెర అయిపోయిందట.

మీ అత్త

నిడదవోలు,
మార్చి 18.

అత్తా,

కొంప మునిగింది. స్త్రీల సమాజం ప్రెసిడెంటు దీవెనమ్మగారు మొన్న ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి, తీర్పు చెప్పి వెళ్లారు. ఈస్టర్‌కి ముందొచ్చే మట్టల ఆదివారం సాయంత్రం సమాజం కూడికలో తబిత తన ప్రసంగాల నోట్సు చదవాలి. బాగుంటే మన సంఘం వజ్రోత్సవ సంచికలో అచ్చు వేస్తారు. నాన్న అప్పుడే సంచికకి నా పాస్‌పోర్టు సైజు ఫొటో ఇచ్చేశారు.

నోట్సు ఎక్కడిదత్తా నా దగ్గర! పోనీ గుర్తున్నంత రాద్దామంటే ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు. గీస్తున్నంతసేపూ చెవులు మూసుకుపోతాయి. అమ్మని అడిగితే, "గొర్రె చెప్పిన రోజు పాస్టరమ్మగారు కనకాంబరం రంగు చీర కట్టుకున్నారు" అంది. నాన్నని అడిగాను.

"నాన్నా, ఫిబ్రవరి రెండో ఆదివారం ప్రసంగం దేని గురించి?"

"ప్రేమ గురించి."

"మూడో ఆదివారం?"

"అది కూడా ప్రేమ గురించే. కొనసాగింపు" అన్నారు.

ఇది బయటపడిందంటే నా గడువు ఈస్టర్ దాకా కూడా ఆగదు. నాన్న ఫారం నింపే పెన్ను చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటారు. సంఘమంతటి ముందు తలెత్తుకున్నాక దించుకోవడం ఆయన వల్ల కాదు. బొమ్మలకి నేను జీవితాంతం సెలవు చెప్పాలి.

ఇక నువ్వు అడిగిన చెయ్యి సంగతి. తప్పుగా గీశానేమోనని బొమ్మలన్నీ తేదీల వారీగా మంచం మీద పరిచాను. జనవరి నెలాఖరులో దీవెన ఇచ్చేటప్పుడు రెండు చేతులూ తల మీదికి వెళ్లాయి. ఫిబ్రవరి మధ్యలో ఎడమది చెవి దగ్గర ఆగింది. నెలాఖరుకి ఛాతీ దగ్గర. ఇప్పుడు ఎడమ చేత్తో బైబిలు పొట్టకి అదుముకుని, కుడిది ఒక్కటే లేపుతున్నారు. ఒక్కో ఆదివారం చూస్తే ఏమీ తెలియదు. వరసలో పెడితే ఎవరో ఆ చేతిని మెల్లగా కిందికి లాగుతున్నట్టుంది. విచిత్రమేంటంటే మేమంతా అది కొత్త పద్ధతి అనుకుంటున్నాం. సండే స్కూల్ పిల్లలు కూడా ఎడమ చెయ్యి పొట్టకి అంటించుకునే పాడుతున్నారు.

ఆ పక్కనే నీ ఉత్తరాలు రెండూ పెట్టి చూశాను. ఎందుకు చూశావని అడగకు, అలవాటైపోయింది. వరసలు ఎడమ నుంచి బాగానే బయల్దేరి, కుడి అంచుకొచ్చేసరికి కిందికి జారుతున్నాయి. రెండో ఉత్తరంలో ఇంకా ఎక్కువ. అత్తా, రేకులు కరుణక్కకి ఎందుకు అప్పజెప్పావు? అలా చెయ్యి ఎత్తేవాళ్లని ఎక్కడ చూశావు?

తబిత

ఆత్రేయపురం,
మార్చి 25.

తబితకి,

కాగితం వంకరగా పెట్టుకుని రాశాను. అంతే. పెద్ద పోలీసువి బయల్దేరావు.

నీ నోట్సు సంగతికి రెండు దారులున్నాయి. ఒకటి, పాసింజర్ గోదావరి బ్రిడ్జి మీద ఉండగా పుస్తకం కిటికీలోంచి జారి నీళ్లలో పడిపోయిందని చెప్పు. ఎవరూ దిగి వెతకరు. ఏడుపు మాత్రం బాగా రావాలి. అద్దం ముందు సాధన చెయ్యి.

రెండోది, ఆ పుస్తకం పట్టుకెళ్లి పాస్టరుగారికి ఒంటరిగా చూపించు. నీకు తిట్లు పడతాయి, క్లాసు పోవచ్చు. కానీ ఆ చెయ్యి ఇంకా బిగిసిపోకముందే ఆయన డాక్టరు దగ్గరికి వెళ్తారు. చాలామంది చెప్పుకోరు తబితా. పని దగ్గర లేపి పక్కన కూర్చోబెడతారని భయం.

ఏది మంచిదో నేను చెప్పను. చెప్పే అర్హత ఇప్పుడు నాకు లేదు.

మీ అత్త

నిడదవోలు,
ఏప్రిల్ 16.

అత్తా,

కూర్చుని చదువు. నెయ్యి చేతులు తుడుచుకుని చదువు.

రెండో దారే ఎంచుకున్నాను. మూడుసార్లు పాస్టరుగారింటికి వెళ్లాను. మూడుసార్లూ అమ్మగారు నిమ్మరసం ఇచ్చారు. మూడుసార్లూ పాస్టరుగారు నేను సంచిలోంచి పుస్తకం తీసేలోపే, "అదిగో, ఆదివారం దాకా చూపించకు! అందరితో పాటు వింటాను" అని నవ్వారు. ఆ మూడు గ్లాసుల నిమ్మరసంతో కూడికకి వెళ్లానన్నమాట.

నలభై మంది ఆడవాళ్లు. ముందు కుర్చీల్లో పాస్టరుగారు, అమ్మగారు. స్త్రీల సమాజంలో తనకేం పనో తెలియదు కానీ, నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులో రెండు పెన్నులతో వచ్చి కూర్చున్నారు. నా పేరు పిలిచారు. లేచాను. పుస్తకం తెరవకుండా పట్టుకుని నిలబడ్డాను.

"సిగ్గుపడకే, ఇలా తే" అని దీవెనమ్మగారు పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నారు.

"చదవడం మీకు..." అన్నాను.

"నాకు చదవడం రాదులే, తెలుసు. అక్షరాలు ఎంత బాగున్నాయో చూస్తాను, తర్వాత నువ్వు చదువు" అని తెరిచారు.

అత్తా, ఆవిడ చూస్తూనే ఉన్నారు. పేజీ తిప్పారు. నేను మనసులో బి.ఎడ్. ఫారం నింపడం మొదలుపెట్టాను. తండ్రి పేరు దాకా వచ్చాను.

"ఇది గొర్రె కదే!" అన్నారు దీవెనమ్మగారు.

"ఏ గొర్రెండీ?" అని వెనక నుంచి ఎవరో.

"తప్పిపోయిన గొర్రె! ఇదిగో మోసుకొస్తున్నారు. ఆ రోజు ఏమన్నారు? గొర్రె దారి తప్పితే తిట్టకుండా, ముందు దాని కాలికి ముల్లు గుచ్చుకుందేమో చూడమన్నారు. నేను ఆ రోజే ఇంటికెళ్లి మా కోడలితో మాట్లాడాను, ఎనిమిది నెలల తర్వాత!"

అంతే, నలభై మందీ లేచి మీద పడ్డారు. "ఇది వల. చిరిగిన వలలో కూడా చేపలు పడ్డాయని చెప్పారు, గుర్తులేదూ?" "ఇది పడవలో తుఫాను. అబ్బ, చూడండి ఎలా ఊగిపోతున్నారో." ఒక్కో బొమ్మకి ఒక్కొక్కరు ప్రసంగం మొత్తం అప్పజెప్పారు. నా చెవులు మూసుకుపోయిన మాటలన్నీ వాళ్ల దగ్గరున్నాయి. పాస్టరుగారు ముందు బిగుసుకుపోయి కూర్చున్నారు. కాసేపటికి, తన ప్రసంగం ఇంతమంది విన్నారని అప్పుడే తెలిసినట్టు మొహం పెట్టారు.

"మరి ఈ కింద నిద్రపోతున్నదెవరు?" అని అడిగిందొకావిడ.

"తుఫానులో పడవలో పడుకున్నాయన అయ్యుంటారు" అని ఇంకొకావిడ భక్తిగా చెప్పింది.

దీవెనమ్మగారు పుస్తకం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. "ఆయన జేబులో రెండు పెన్నులేంటే?"

వివరాలు గీయొద్దని మాస్టారు మొత్తుకున్నా ఆ పెన్నులు ఆపుకోలేక గీశాను. బోటనీ బుద్ధి. ఆ మూల ముక్క ఎవరి కంటా పడనీకని నువ్వు చెప్పినా చింపలేదు, ఎందుకంటే ఐదింటిలో నాలుగోది నేను గీసినవాటిలోకెల్లా మంచిది. నలభై మందీ మెల్లగా నాన్న జేబు వైపు తిరిగారు. నాన్న చేత్తో జేబు మూసుకున్నారు.

అప్పుడు పాస్టరుగారు పుస్తకం అడిగి తీసుకున్నారు. మొదటి నుంచీ తిప్పారు. నవ్వుతూ తిప్పుతున్నవారు, ఒకచోట ఆగారు.

"ఇక్కణ్ణుంచి నాకు ఒక చెయ్యే గీశావేంటమ్మా?"

"మీరు ఒకటే లేపారండి" అన్నాను. "దానికి ముందు ఛాతీ దాకా లేపారు. దానికి ముందు మెడతో కలిపి చెవి దాకా. నాకు తెలియలేదండి, మా అత్త చెప్పింది. నొప్పి లేనివాళ్లు అలా ఎత్తరంట."

అమ్మగారు ఆయన వైపు తిరిగారు. "బాగానే ఉందన్నారుగా! చొక్కా తొడుక్కోడానికి అంతసేపు పడుతుంటే కొత్త చొక్కా బిగుతన్నారుగా!"

"దీవెన ఇవ్వాలంటే రెండు చేతులూ లేవాలి కదా" అన్నారాయన చిన్నగా. ప్రసంగం చెప్పేటప్పటి గొంతు కాదు. "వజ్రోత్సవం అయ్యేదాకా ఎలాగో గడిపేద్దామనుకున్నా. ఎవరూ చూడట్లేదనుకున్నా."

సోమవారం రాజమండ్రి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నాన్న కూడా వెళ్లారు. భుజం కీలు బిగుసుకుపోయిందట. షుగరు ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఎప్పటి నుంచి అని డాక్టరు అడిగితే పాస్టరుగారికి గుర్తులేదు. నాన్న సంచిలోంచి నా పుస్తకం తీసి తేదీలతో సహా చూపించారట. ఆ డాక్టరు ఎక్స్‌రే పక్కన పెట్టి, పుస్తకమే ఎక్కువసేపు చూశాడట. ఇప్పుడు రోజూ గోడ మీద వేళ్లని చీమల్లా పైకి పాకించాలి. పాస్టరుగారు మందిరం గోడ మీదే పాకిస్తున్నారు. సండే స్కూల్ పిల్లలు పక్కన వరసగా నిలబడి వాళ్లూ పాకిస్తున్నారు.

నాన్న ఇంటికొచ్చి అన్నం తిన్నారు. ఫ్రిజ్ దగ్గరికెళ్లి మెడల్ తీసి పక్కన పెట్టారు. ఫారం తీసుకుని వెనక్కి తిప్పి, నా ముందు పెట్టారు.

"ఇటు వైపు తెల్లగానే ఉంది. గీసుకో."

గుమ్మం దాకా వెళ్లి ఆగి, "ఇక నుంచి నేను రెండో మెట్టులో ఉండగానే దగ్గు. ఐదో మెట్టు దాకా గీస్తూ కూర్చోకు" అన్నారు. మెట్ల సంగతి ఆయనకి నువ్వే చెప్పావా?

శ్యాంబాబు మాస్టారు నాకు రబ్బరు తిరిగిచ్చారు. ఊరగాయ వాసన వస్తోంది. వాడబుద్ధి కావడం లేదు.

ఇక నీ వంతు. ఈస్టర్ అయ్యాక వచ్చే శనివారం వస్తున్నాను. పుస్తకం తెస్తాను. నీ కుండ ముందు కూర్చుంటాను. ఎవరు రేకు తీస్తే వాళ్లని గీస్తాను. నువ్వు తియ్యకపోతే ఎందుకు తియ్యలేదో కూడా గీస్తాను.

నీ తబిత

ఆత్రేయపురం,
ఏప్రిల్ 23.

మా తబితకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి కరుణ చేత కుండల దగ్గర పైకి చదివించాను. పెన్నుల సంగతి వచ్చేసరికి అందరి నవ్వులకీ పిండి గిన్నె ఒలికిపోయింది. కూడిక అయిన రాత్రి మీ నాన్న ఫోన్ చేస్తే మెట్ల సంగతి నేనే ఎత్తాను. నలభై ఏళ్లుగా దాచుకున్న ఆయుధం, నీ కోసం వాడాను.

ఈ ఉత్తరంలో వరసలు తిన్నగా ఉన్నాయి కదా? మోసపోకు. స్కేలుతో గీతలు కొట్టుకుని రాశాను.

నిరుడు క్రిస్మస్ ఆర్డర్లప్పుడు మొదలైంది. కుడి భుజం. కుండ అవతలి అంచు దాకా చెయ్యి చాపితే ప్రాణం పోయేది. అందరికీ, నీకూ, మడతపెట్టడమే హాయిగా ఉందని చెప్పాను. కుండ ముందు పీట ఒకసారి వదిలితే మళ్లీ ఎవరూ కూర్చోమనరని భయం. ఆ పీట మీద ముప్పయ్యేళ్లు కూర్చున్నా తబితా. అది లేకపోతే నేనెవర్ని, చక్కెర చల్లేదాన్ని. అందుకే పాస్టరుగారి మెడ చూడగానే తెలిసిపోయింది. ఎవరో నన్నే గీసి నాకు పంపినట్టు అనిపించింది.

నీ మార్చి ఉత్తరం అందిన మర్నాడే రావులపాలెం వెళ్లి చూపించుకున్నాను. నీకు రాయడానికి సిగ్గేసింది. నన్ను కూడా గోడ మీద చీమల్ని పాకించమన్నారు. వంటింటి తలుపు పక్కన రోజూ పాకిస్తున్నా. వేలు ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెడుతున్నా, తేదీ వేసి. మొదటి గీత పోపులపెట్టె అలమర దగ్గర. ఇవాళ్టిది తలుపు గడియ దాకా వచ్చింది. మధ్యలో రెండు రోజులు గీత కిందికి దిగింది. అదీ అలాగే ఉంచాను, చెరపలేదు. ముప్పయ్ గీతలయ్యాయి. కరుణ వాటిని చూసి, "మీరు కూడా బొమ్మలు నేర్చుకుంటున్నారా అత్తయ్యా" అంది. అప్పుడు చెప్పేశాను. అది ఏడ్చి, తిట్టి, నా పీట కడిగి కుండ ముందు పెట్టింది.

శనివారం రా. ఒక్క రేకు తీస్తాను. చిరుగుతుందేమో, చిరిగినా తీస్తాను. కానీ నీ అరనిమిషం లెక్క ఇక్కడ చెల్లదు. గుడ్డ లాగాక మూడు అంకెలు లెక్కపెట్టేలోపు రేకు చేతికొచ్చేస్తుంది. నీ కోసం నేను ఆగను, కుండ అసలే ఆగదు.

పెన్సిల్ చెక్కుకుని రా.

మీ అత్త
సువార్తమ్మ